పేరు మారిందా, ప్రశ్నే మారిందా?

కొన్నేళ్లుగా నడుస్తున్న ఆన్‌లైన్ ఫారంలో ఒక ప్రశ్ననో, ఒక ఆప్షన్‌నో మార్చవలసి వచ్చినప్పుడు, అప్పటికే చేరిన పాత సమాచారం చెడిపోకుండా ఎలా కాపాడుకోవాలని అడుగుతూ ఈ నెల పలు ఉత్తరాలు వచ్చాయి. అవన్నీ ఒకే విషయానికి చెందినవి కాబట్టి ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మేము కర్నూలులో స్వచ్ఛంద రక్తదాతల జాబితాను నిర్వహిస్తున్నాము. 2018 నుంచి గూగుల్ ఫారం ద్వారా పేరు, వయసు, రక్తం గ్రూపు, జిల్లా సేకరిస్తున్నాము. మండలం అడగడం మాత్రం తర్వాత మొదలుపెట్టాము. జిల్లాకు మొదట కర్నూలు, అనంతపురం, కడప అని మూడే ఆప్షన్లు ఉండేవి. జిల్లాల విభజన జరిగాక నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య చేర్చాము. ఇప్పుడు సంవత్సరాల వారీగా లెక్క తీస్తే 2022 తర్వాత కర్నూలు దాతలు ఒక్కసారిగా తగ్గిపోయినట్టు కనిపిస్తోంది. పాత వరుసల్లో నంద్యాల వైపు వాళ్లను వెతికి జిల్లా పేరు మార్చేద్దామని మా సభ్యులు అంటున్నారు. అలాగే 'వయసు' ప్రశ్నను 'పుట్టిన తేదీ'గా మార్చాలని కూడా అనుకుంటున్నాము. ఈ రెండూ చేయవచ్చునా?
– ఒక సేవాసంస్థ కార్యదర్శి, కర్నూలు

జవాబు: మొదటి పని చేయవద్దు. రెండో పని చేయండి, కానీ ఉన్న ప్రశ్నను దిద్ది కాదు.

ఫారంలో మార్పులు రెండు రకాలు. అడిగే విషయం అదే ఉండి, దాన్ని అడిగే మాట మాత్రమే మారడం ఒకటి. అడిగే విషయమే మారిపోవడం రెండోది. మొదటి రకానికి ఉన్న ప్రశ్ననే దిద్దుకోవచ్చు. రెండో రకానికి పాత ప్రశ్నను అక్కడితో ఆపి, కొత్త ప్రశ్న వేయాలి. రెండింటికీ ఉదాహరణలు మన జిల్లాలలోనే ఉన్నాయి. కడప జిల్లాను 2010లో వై.ఎస్.ఆర్. జిల్లా అన్నారు, 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లా అన్నారు. ఆ పేరు మార్పుల వల్ల ఒక్క ఊరు కూడా ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు పోలేదు కాబట్టి, ఫారంలో పేరు దిద్దుకుంటే సరిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగినది అలాంటిది కాదు. రాష్ట్రంలోని 13 జిల్లాలు ఆ రోజు 26 అయినప్పుడు 'కర్నూలు' అన్న పేరులో ఒక్క అక్షరమూ మారలేదు, కానీ నంద్యాల, ఆళ్లగడ్డ, డోన్, బనగానపల్లె, శ్రీశైలం ఆ పేరు కింద నుంచి వెళ్లిపోయాయి. పేరు మారితే అందరూ గమనిస్తారు. పేరు అలాగే ఉండి దాని హద్దు మారినప్పుడు ఎవరూ గమనించరు గనుక లెక్కలు ఎక్కువగా తప్పేది అక్కడే. మీ పట్టికలో తగ్గినట్టు కనిపిస్తున్నది దాతల సంఖ్య కాకపోవచ్చు, జిల్లా విస్తీర్ణం మాత్రమే కావచ్చు.

పాత వరుసలను ఎందుకు ముట్టుకోకూడదంటే, 2019లో నంద్యాల నుంచి మీ ఫారం నింపిన వ్యక్తి తన జిల్లా కర్నూలు అని చెప్పడం తప్పు కాదు, ఆనాటికి అదే నిజం. దాన్ని ఇప్పుడు నంద్యాల అని మారిస్తే, అప్పటికి లేని జిల్లాను ఆయన తన జిల్లాగా చెప్పినట్టు మీ రికార్డు చూపిస్తుంది. వాహనాల రిజిస్ట్రేషన్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సంకేతం వచ్చినా, అంతకుముందు ఏపీ 21తో రిజిస్టరైన కర్నూలు బండ్ల నంబర్లు అలాగే ఉన్నాయి. ఇంకా వెనక్కి వెళితే, అనంతపురం జిల్లా బళ్ళారి నుంచి విడిపడింది 1882లో. 1871 జనాభా లెక్కల్లో అనంతపురం ప్రాంతం వివరాలు కావలసినవారు నేటికీ బళ్ళారి జిల్లా పేరు కిందనే వెతుక్కుంటారు. ఆ పాత పుస్తకాలను ఎవరూ తిరగరాయలేదు కాబట్టే ఆ వెతుకులాట సాధ్యమవుతోంది.

కాబట్టి దాతలు చెప్పిన 'జిల్లా' కాలమ్‌ను అలాగే ఉంచి, 'నేటి జిల్లా' అని మరో కాలమ్ పెట్టుకోండి. మొదటిది దాత చెప్పినది, రెండోది మీరు నిర్ణయించినది. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు. గూగుల్ షీటులో ఫారం నేరుగా జవాబులు రాసే ట్యాబ్‌లో కాకుండా, వేరే ట్యాబ్‌లో ఈ పని చేసుకుంటే గందరగోళం ఉండదు. నేటి జిల్లాను మండలం చూసి మాత్రమే నిర్ణయించండి. పిన్ కోడ్‌లోని మొదటి మూడంకెలు ఇందుకు పనికిరావు, ఎందుకంటే కర్నూలు 518001 అయితే నంద్యాల 518501. నియోజకవర్గాన్ని కూడా నమ్మలేము: ఒకే పాణ్యం నియోజకవర్గంలోని కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలో ఉండిపోగా, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. మండలం అడగని రోజుల్లో చేరిన దాతలకు, ఊరి పేరు కూడా లేకపోతే, 'ఉమ్మడి కర్నూలు' అని రాసి వదిలేయండి. ఊహించి పంచకండి. సంవత్సరాల మధ్య పోలిక కావలసినప్పుడు 2022 తర్వాతి కర్నూలు, నంద్యాల అంకెలను కలిపి, పాత కర్నూలు పక్కన పెట్టండి. రెండు చిన్న ముక్కలను కలపడం ఎప్పుడైనా సాధ్యమే, కానీ పాత పెద్ద ముక్కను ఆధారం లేకుండా విడదీయలేము.

ఇక వయసు సంగతి. రక్తదానానికి 18 నుంచి 65 ఏళ్ల వయోపరిమితి ఉంది కాబట్టి మీకు పుట్టిన తేదీ తెలియడం అవసరమే. వయసు చెప్పిన రోజున మాత్రమే నిజం, మరుసటి పుట్టినరోజుకు అది పాతబడుతుంది. అయితే 'వయసు' ప్రశ్ననే దిద్ది 'పుట్టిన తేదీ' అని రాస్తే, షీటులో ఆ కాలమ్ శీర్షిక కూడా మారిపోయి, పుట్టిన తేదీ అనే శీర్షిక కింద 34, 27, 41 అనే అంకెలు మిగులుతాయి. కొత్త ప్రశ్న వేయండి. పాత వయసులను టైమ్‌స్టాంప్‌తో (ప్రతి జవాబు పక్కన ఫారం వేసే తేదీ, వేళతో) కలిపి చదివితే అవి ఇప్పటికీ పనికొస్తాయి. 2019 ఆగస్టు 10న 34 అని రాసిన దాత 1984 ఆగస్టు 11కూ 1985 ఆగస్టు 10కీ మధ్య పుట్టి ఉంటారు. పక్కన 'అంచనా' అని స్పష్టంగా రాసిన మరో కాలమ్‌లో ఆ సంవత్సరాలను పెట్టుకోవచ్చు. కొందరు సౌకర్యం కోసం 1985 జనవరి 1 అని వేసేస్తారు. అది మాత్రం చేయకండి, ఏడాది తిరిగేసరికి అది అంచనా అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

పాత వయసు ప్రశ్నను ఫారం నుంచి తొలగిస్తే ఏమవుతుందన్న అనుమానం మీకు రావచ్చు. ఫారానికి జోడించిన షీటులో ఆ కాలమ్, అందులోని జవాబులు అలాగే ఉంటాయి. ఫారంలోని జవాబుల పేజీలో మాత్రం ఆ ప్రశ్న కనిపించదు. మళ్లీ అదే పేరుతో ప్రశ్న వేసినా షీటులో అది కొత్త కాలమ్‌గానే చేరుతుంది, పాతదానితో కలవదు. తొలగించడం ఇష్టం లేకపోతే, ఆ ప్రశ్నను తప్పనిసరి కానిదిగా మార్చి, చివర వేరే సెక్షన్‌లోకి జరిపి, దాని ముందు సెక్షన్ ముగియగానే ఫారం సమర్పణ జరిగేలా అమర్చండి. నింపేవారికి అది కనిపించదు, మీకు ఉంటుంది.

ప్రశ్న: మా రైతు ఉత్పత్తిదారుల సంఘం వేరుశనక దిగుబడి వివరాలను ఆన్‌లైన్ ఫారంలో నమోదు చేస్తుంది. మొదట 'దిగుబడి, బస్తాలలో' అని అడిగాము. మధ్యలో మా సిబ్బందిలో ఒకరు దాన్ని 'దిగుబడి, క్వింటాళ్లలో' అని దిద్దారు. ఇప్పుడు మొత్తం కాలమ్‌కు క్వింటాళ్లు అనే శీర్షిక ఉంది. రెండెకరాలకు 24 అని ఒకరిది, అదే రెండెకరాలకు 9 అని పక్క రైతుది కనిపిస్తున్నాయి. వీటిని విడదీసే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఉంది. అయితే అంకె పెద్దదైతే బస్తాలు, చిన్నదైతే క్వింటాళ్లు అని మాత్రం విడదీయకండి. వాన సరిగా పడని ఏడాది బస్తాల లెక్క కూడా చిన్నదిగానే ఉంటుంది. వేరుశనక పండించే ఈ జిల్లాలో అది మీకు చెప్పనక్కరలేదు.

ముందుగా మొత్తం ఫైలుకు నకలు తీసి, దాని పేరులో తేదీ వేసి పక్కన పెట్టండి. ఆ తర్వాత అసలు షీటులో 'వర్షన్ హిస్టరీ' తెరవండి. అందులో షీటు పాత రూపాలు తేదీల వారీగా కనిపిస్తాయి. వెనక్కి జరుపుకుంటూ పోతే, కాలమ్ శీర్షిక 'బస్తాలలో' అని ఉన్న చివరి రూపమూ, 'క్వింటాళ్లలో' అని ఉన్న మొదటి రూపమూ దొరుకుతాయి. ఆ రెంటి మధ్య తేదీయే మీ సరిహద్దు. దానికి ముందు టైమ్‌స్టాంప్ ఉన్న వరుసల అంకెలను 'దిగుబడి, బస్తాలలో' అనే వేరే కాలమ్‌లోకి, తర్వాతివాటిని 'దిగుబడి, క్వింటాళ్లలో' అనే కాలమ్‌లోకి తీసుకోండి. ఇది కూడా నకలులోనే చేయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టైమ్‌స్టాంప్ చూపేది ఫారం సమర్పించిన వేళను గాని, రైతును ప్రశ్న అడిగిన వేళను కాదు. మీ సిబ్బంది పొలం దగ్గర కాగితం మీద రాసుకుని, వారం తర్వాత ఆఫీసులో కూర్చుని ఎక్కించే అలవాటు ఉంటే, సరిహద్దు తేదీ దాటిన కొన్ని వరుసల్లో కూడా బస్తాలే ఉంటాయి. కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న వరుసలను 'సందిగ్ధం' అని గుర్తు పెట్టి, ఆ రైతులకు ఫోన్ చేసి అడగండి. ఫోన్‌లో దొరకనివారి వరుసలను సగటులో కలపకుండా వదిలేయండి.

బస్తాలను క్వింటాళ్లలోకి మార్చాలనుకుంటే, క్వింటాలు 100 కిలోలన్నది స్థిరమే గాని బస్తా తూకం ఊరిని బట్టి, కాయను బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి మారుతుంది. ఏ ఊళ్లో బస్తాకు ఎన్ని కిలోలు తూస్తారో అక్కడి రైతులనే అడిగి, ఆ సంఖ్యను కూడా ఒక కాలమ్‌లో రాసి, లెక్కగట్టిన క్వింటాళ్లను మరో కాలమ్‌లో పెట్టండి. రేపు ఆ తూకం తప్పని తేలినా, అసలు బస్తాల అంకె చేతిలో ఉంటుంది కాబట్టి మళ్లీ లెక్కించుకోవచ్చు.

ఇకమీదట కొలతను ప్రశ్న మాటల్లో కలపకండి. అంకెకు ఒక గడి, కొలతకు ఆప్షన్లతో మరో గడి ఉంచితే, రైతు ఎలా చెబితే అలా నమోదవుతుంది. విస్తీర్ణాన్ని ఎకరాలలో చెప్పేవారూ సెంట్లలో చెప్పేవారూ ఉన్నారు కాబట్టి అక్కడ కూడా ఇదే పద్ధతి పాటించండి. దానితోపాటు ఒక మార్పుల రిజిస్టర్ పెట్టండి: ఏ తేదీన, ఏ ప్రశ్నను, ఎవరు, ఎందుకు మార్చారో, పాత మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంచండి. తహసీల్దారు కచేరీ పాత రిజిస్టర్లలో తప్పుపడిన మాటను గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం, తేదీ వేసేవారు. కొట్టేసిన మాట కూడా చదవడానికి వీలుగానే ఉండేది. మీ సిబ్బంది దిద్దిన ప్రశ్నకు అలాంటి గీత కూడా మిగలలేదు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు, ఫారం దిద్దే హక్కును మాత్రం ఇద్దరికి మించి ఇవ్వకండి.

ప్రశ్న: నేను కడపలో ఒక కళాశాల కోసం దరఖాస్తుల వెబ్‌సైట్ నడుపుతున్నాను, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. 'తండ్రి పేరు' గడిని 'తండ్రి లేదా సంరక్షకుల పేరు'గా మార్చమన్నారు, రెండు గడులను తీసేయమన్నారు, లింగం ఆప్షన్లలో మూడోది చేర్చమన్నారు, ఈమెయిల్‌ను తప్పనిసరి చేయమన్నారు. పాత దరఖాస్తులు దెబ్బతినకుండా ఇవన్నీ ఎలా చేయాలి?
– ఒక ప్రోగ్రామర్, కడప

జవాబు: మీరు అడిగిన నాలుగూ నాలుగు రకాల మార్పులు.

తండ్రి పేరు అన్నప్పుడు వచ్చిన జవాబు తండ్రిదే అని మనకు తెలుసు. సంరక్షకులను కూడా కలిపాక ఆ నమ్మకం పోతుంది. కాబట్టి ఇది మాట మార్పు కాదు. కొత్త గడి పెట్టి, సంబంధం ఏమిటో పక్కనే అడగండి. పాత గడిని కొత్త దరఖాస్తులకు చూపకండి, పాతవి తెరిచినప్పుడు మాత్రం పాత శీర్షికతోనే చూపండి.

తీసేయమన్న రెండు గడుల కోసం టేబుల్ నుంచి కాలమ్‌లను తొలగించవద్దు. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ ఆదేశం ఇచ్చిన వెంటనే ఖాయమైపోతుంది, ట్రాన్సాక్షన్‌లో (మొత్తంగా ఖాయం చేయడానికో, రద్దు చేయడానికో వీలైన ఆదేశాల కట్టలో) పెట్టినా వెనక్కి తీసుకోలేరు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఆ వెసులుబాటు ఉంది. గడుల వివరాలకు ఒక టేబుల్, జవాబులకు మరో టేబుల్ పెట్టుకునే పద్ధతి మీదైతే, రెంటినీ ముడివేసే ఫారిన్ కీ ఎలా రాశారో ఈరోజే చూసుకోండి. అక్కడ 'ఆన్ డిలీట్ కాస్కేడ్' అని ఉంటే, గడి వివరం ఉన్న ఒక్క వరుసను తొలగించగానే ఆ గడికి ఏళ్ల తరబడి వచ్చిన జవాబులన్నీ హెచ్చరిక లేకుండా పోతాయి. దాన్ని, జవాబులున్న గడిని తొలగించనివ్వని 'రిస్ట్రిక్ట్'గా మార్చి, గడుల టేబుల్‌లో 'ఎప్పటినుంచి', 'ఎప్పటివరకు' అని రెండు తేదీలు చేర్చండి. గడిని తీసేయడమంటే రెండో తేదీ నింపడం, అంతే. శీర్షిక మారిన ప్రతిసారీ పాత వరుసను దిద్దకుండా కొత్త వరుస రాసి, జవాబులో ఆ వరుస సంఖ్యను నిలుపుకుంటే, ఏ విద్యార్థి ఏ మాటల్లో ఉన్న ప్రశ్నకు జవాబిచ్చారో పదేళ్ల తర్వాతైనా చూపగలరు. కళాశాలకు ఆడిట్ వచ్చినప్పుడో, కోర్టు నుంచి కాగితం వచ్చినప్పుడో అడిగేది సరిగ్గా అదే.

లింగం ఆప్షన్ విషయంలో ఎక్కువ జాగ్రత్త కావాలి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడో లింగంగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2014 ఏప్రిల్ 15న. మీ ఫారంలో ఆ ఆప్షన్ ఇప్పుడు చేరుతోంది. అంతకుముందు నింపినవారిలో ఆ ఆప్షన్ లేనందువల్ల మిగిలిన రెంటిలో ఒకటి ఎంచుకున్నవారు ఉండవచ్చు. అందువల్ల పాత ఏళ్లకు 'సున్నా' అని నివేదికలో వేయడం తప్పు. 'అప్పట్లో అడగలేదు' అని వేయాలి. జవాబు ఇవ్వకపోవడం, ప్రశ్నే అడగకపోవడం, జవాబు సున్నా కావడం – ఈ మూడింటినీ డేటాబేస్‌లో ఒకే ఖాళీగా ఉంచితే తర్వాత ఎవరూ వేరు చేయలేరు. ఇంకొక మాట: ఆ కాలమ్ ఎనమ్ (ముందే రాసిన జాబితాలోని విలువలనే తీసుకునే) రకమైతే, కొత్త విలువను జాబితా చివరనే చేర్చండి. ఉన్న విలువను జాబితా నుంచి తీసేస్తే, స్ట్రిక్ట్ మోడ్ (చెల్లని విలువలను తిరస్కరించే అమరిక) లేని సర్వర్‌లో ఆ విలువ ఉన్న పాత వరుసలన్నీ ఖాళీ అయిపోతాయి. ఎనమ్ బదులు విడిగా ఒక ఆప్షన్ల టేబుల్, అందులో మారని సంకేతం, మార్చుకోదగిన పేరు పెట్టుకోవడమే మేలు.

ఈమెయిల్‌ను తప్పనిసరి చేసే నిబంధన కొత్త దరఖాస్తులకే వర్తించాలి. లేకపోతే రెండేళ్ల కిందట చేరిన విద్యార్థి ఫోన్ నంబర్ దిద్దబోతే, ఈమెయిల్ లేదని ఫారం సేవ్ కాదు. అప్పుడు కౌంటర్‌లోని గుమస్తా ఏదో ఒక దొంగ ఈమెయిల్ కొట్టి పని కానిస్తారు. అలాంటి విలువలు ఒకసారి చేరాక ఏరివేయడం చాలా కష్టం.

ప్రశ్న: ఫారంలో మార్పు చేసే ముందు జవాబులను సీఎస్‌వీ ఫైలుగా (విలువల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా) దించుకున్నాను. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా ఉన్నాయి, ఖాతా నంబర్ల ముందున్న సున్నాలు పోయాయి. బ్యాకప్ పాడైనట్టేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఫైలు బాగానే ఉంది, ఎక్సెల్ దాన్ని చదివిన తీరు వల్ల అలా కనిపిస్తోంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే మాత్రం నిజంగానే పాడవుతుంది, కాబట్టి సేవ్ చేయకుండా మూసేయండి. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, 'డేటా' ట్యాబ్ నుంచి ఫైలును దిగుమతి చేసుకుంటూ, అక్షరరూపం (ఎన్‌కోడింగ్) తెలుగును సరిగా చదివే యూటీఎఫ్-8 అని, నంబర్ల కాలమ్‌లు 'టెక్స్ట్' అని ఎంచుకోండి. ఎక్సెల్ అంకెల్లో 15 స్థానాలనే నిలుపుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును సంఖ్యగా చదివితే చివరి అంకె సున్నా అయిపోతుంది.

ప్రశ్న: మా అపార్టుమెంటు సంఘం ఫారంలో మునుపటి కార్యవర్గం ఆధార్ నంబర్లు తీసుకుంది. ఆ ప్రశ్నను ఇప్పుడు తీసేశాము. పాత సమాచారం పోగొట్టకూడదంటారు కదా, ఆ నంబర్లను కూడా ఉంచాలా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అక్కరలేదు, ఉంచకూడదు. పాత జవాబులను కాపాడమని పైన చెప్పినది వాటితో ఇంకా పని ఉన్నప్పుడు. ఏ పని కోసం వ్యక్తిగత సమాచారం తీసుకున్నామో ఆ పని తీరాక, మరే చట్టమూ ఉంచమని చెప్పనప్పుడు, దాన్ని తుడిచేయాలని డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 చెబుతోంది. అపార్టుమెంటు సంఘానికి ఆధార్ నంబరుతో తీరవలసిన పని నాకైతే ఒక్కటీ తోచడం లేదు.

అయితే ప్రశ్నను తీసేయగానే నంబర్లు పోలేదు. పైన రక్తదాతల విషయంలో చెప్పినట్టు, షీటులో ఆ కాలమ్ ఇంకా ఉంటుంది. దాన్ని చేతితో తొలగించాలి. తొలగించిన తర్వాత కూడా వర్షన్ హిస్టరీలో పాత రూపాలు ఉంటాయి కాబట్టి, ఆ కాలమ్ లేకుండా మిగిలిన వివరాలను కొత్త ఫైలులోకి విలువలుగా మాత్రమే నకలు చేసి, పాత ఫైలును, ఫారంలోని పాత జవాబులను పూర్తిగా తొలగించి, చెత్తబుట్టను కూడా ఖాళీ చేయండి. మునుపటి కార్యవర్గ సభ్యుల కంప్యూటర్లలో దించుకున్న నకళ్లు, వాట్సాప్‌లో పంపుకున్న ఫైళ్లు ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. 'ఆధార్ నంబర్ల కాలమ్ ఫలానా తేదీన కార్యవర్గ నిర్ణయంతో తొలగించబడింది' అని మినిట్స్ పుస్తకంలో ఒక వాక్యం రాయించండి. కొత్త ఫైలులో ఆ కాలమ్ ఎందుకు లేదని తర్వాతి కార్యవర్గం అడిగితే జవాబు అందులో దొరుకుతుంది.